గుంట పడని పరుపు

మా బావమరిది ఆటోలోంచి పరుపు దింపించి వసారాలో గచ్చు మీద పరిచాడు. పరిచి నా వైపు చూశాడు. బాగుందనాలేమోననిపించింది. వంగి బొటనవేలితో నొక్కాను. వేలు తిన్నగా దిగిపోయి గచ్చుకు తగిలింది.

"ఏంటిది?" అన్నాను.

"దానం పరుపు బావగారూ. రేపు రేవులో ఇవ్వాల్సింది. మంచం, దిండు, దుప్పటి, గొడుగు, చెప్పులు అన్నీ కలిపి సెట్టుగా ఇచ్చేశారండి షాపువాళ్లు. మనం ఏదీ వెతుక్కోనక్కర్లేకుండా."

పోయింది మా ఆవిడ. అతనికి అక్క. మాకు పిల్లల్లేరు కనుక కర్మ నేనే చేస్తున్నాను, తునిలో తన కొట్టు మూసుకుని వచ్చి మిగతా పనులన్నీ అతను చూస్తున్నాడు. పదకొండో రోజున పోయినవారి పేరు మీద మంచం, పరుపు ఒక బ్రాహ్మణుడికి దానం ఇవ్వడం ఆచారం. శయ్యాదానం అంటారు. ఆయన ఇక్కడ దాని మీద కాసేపు నడుం వాలిస్తే, అక్కడ పోయినవారికి పడక అమరుతుందని నమ్మకం. నువ్వు నమ్ముతావా అని ఎవరైనా అడిగుంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. ఎవరూ అడగలేదు. కూర్చోమన్నప్పుడు కూర్చున్నాను, మునగమన్నప్పుడు గోదావరిలో మునిగాను.

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని, గేటు గడియ సరిగ్గా పడలేదని మళ్లీ వెనక్కి వచ్చి వేసి మరీ వెళ్లింది. ప్రార్థన జరుగుతుండగా కూలబడిపోయిందట. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచీ నాకు ఏదీ తగలడం లేదు. నేను కాలవల శాఖలో పనిచేస్తాను. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున బురద ఎండి బిగుసుకుపోయి ఉంటుంది, మనిషి నడిచినా అడుగు పడదు. నాకు అలాగే ఉంది. వచ్చినవాళ్లు "పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలండీ" అన్నారు. తలాడించాను. కాఫీ ఇస్తే తాగాను. పంచదార వెయ్యడం మరిచిపోయారని పక్కింటావిడ పరుగున వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు.

"ఒక్కసారి ఏడ్చెయ్యండి బావగారూ, తేలికవుతుంది," అని బావమరిది రోజూ చెబుతూనే ఉన్నాడు. ఏడవడం నా చేతిలో పనే అయితే అతని కోసమైనా ఏడ్చేవాణ్ణి. అంత మంచివాడు.

అలాంటివాడి మీద ఆ పరుపు దగ్గర నాకు కోపం వచ్చింది. వేలు గచ్చుకు తగిలిన చోటునుంచి జివ్వున పైకి పాకినట్టు వచ్చింది. ఇన్ని రోజుల్లో నాకు కలిగిన మొదటి అనుభూతి అదే కావడంతో, నాకే కొత్తగా అనిపించింది.

"ఇది మీ అక్కకా?" అన్నాను.

అతను అర్థంకాక చూశాడు. అతనికి తెలియదని కాదు. పరుపుల విషయంలో వాళ్లక్క సంగతి మా కాలనీ మొత్తానికి తెలుసు.

మేమిద్దరం కోనసీమ పల్లెల్లో బూరుగు దూది పరుపుల మీద పెరిగినవాళ్లం. ఆ పరుపు అణిగిపోతే దిగులుండేది కాదు. దూదేకే మనిషి వీధిలోకి రాగానే పిలిచి, విప్పించి, ఏకించి, మళ్లీ కుట్టించుకుంటే కొత్తదయ్యేది. ఉద్యోగాలతో రాజమండ్రి వచ్చాక, అందరిళ్లలోనూ చూసి మేమూ ఒక ఫోమ్ పరుపు కొన్నాం. జానెడు మందం, మీద గులాబీలు. కూర్చుంటే మెత్తగా కూరుకుపోయేవాళ్లం, అదే గొప్పనుకున్నాం. చుట్టుపక్కలవాళ్లు వచ్చి వంతులవారీగా కూర్చుని, "అబ్బ, ఎంత మెత్తగా ఉందండీ" అని వెళ్లారు.

రెండు వానాకాలాలు గడిచాయో లేదో దాని పని అయిపోయింది. మేం పడుకునే చోట రెండు గుంటలు పడ్డాయి. తల వైపు కాళ్ల వైపుకి తిప్పాం, బోర్లా వేశాం, ఎటు తిప్పినా కొన్నాళ్లకే మళ్లీ అణిగేది. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మనిషి, పొద్దున్నే మంచం పట్టె పట్టుకుని లేచేది. ఒక ఆదివారం స్కూలునుంచి బోర్డు మీద గీతలు గీసే పొడుగాటి చెక్క స్కేలు తెచ్చి, పరుపు మీద అడ్డంగా పెట్టి, చిన్న స్కేలు దాని కిందినుంచి దింపి లోతు చూసింది. నా గుంట లోతుగా, పొడుగ్గా ఉంది. ఆవిడ కిటికీ వైపు ఎడం పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకునేది. ఆ గుంటా అచ్చం అలాగే, ముడుచుకుని పడింది.

"మీది పంట కాలవండీ, నాది బోదె," అంది నవ్వుతూ. పెద్ద కాలవనుంచి చేలోకి నీళ్లు పారే చిన్న తవ్వకాన్ని బోదె అంటాం. నా ఉద్యోగాన్ని ఆవిడ వేళాకోళానికి బాగా వాడుకునేది.

గ్యారంటీ కార్డు తీసుకుని షాపుకి వెళితే, "పరుపన్నాక పడుకుంటే గుంట పడదాండీ?" అన్నాడు షాపాయన, ఎంతో మర్యాదగా. కార్డు వెనకాల సన్నటి అక్షరాల్లో, ఇంత లోతు దాకా పడితే అది లోపం కిందికి రాదని రాసి ఉందట. మా గుంట ఆ లోతుకి ఒక గీత తక్కువలో ఆగింది. ఆవిడ ఇంకేమీ అనకుండా ఇంటికి వచ్చేసింది. ఏమీ అనలేదంటే పట్టు పట్టిందని నాకు తెలుసు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆవిడకు అదే చదువు. ఫోన్లో చదివింది, తెలిసినవాళ్లను అడిగింది, స్టాఫ్ రూములో సైన్సు టీచరుతో వాదించింది. నాకు వంటింట్లో పాఠం చెప్పింది. ఒకే తవ్వతో బియ్యం కొలిచింది, మరమరాలు కొలిచింది.

"రెండూ తవ్వ నిండుగానే ఉన్నాయి కదా. చెయ్యి పెట్టి నొక్కండి."

నొక్కాను. మరమరాలు చితికాయి.

"పరుపుల్లో డెన్సిటీ అంటే ఇదేనండీ. పైకి అదే మందం. లోపల సరుకెంత ఉందన్నదే లెక్క. సరుకు తక్కువైతే లోపలి బుడగల గోడలు పల్చగా ఉంటాయి, మన బరువుకి ఒక్కొక్కటీ చిట్లిపోతాయి. దూదిలాగ ఏకించుకోవడానికి ఉండదు. ఒకసారి చిట్లిందంటే ఇంతే సంగతులు."

"అయితే గట్టిగా ఉన్నది చూసి కొనుక్కుందాం," అన్నాను, పాఠం త్వరగా అవుతుందని.

"అదిగో, అందరూ అక్కడే బోల్తా పడతారు. గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. మెత్తగా ఉండి కూడా ఏళ్ల తరబడి నిలిచేది ఉంటుంది. చెక్కలా ఉండి ఆరు నెలల్లో పొడిగా రాలిపోయేదీ ఉంటుంది. బరువు తూగడానికి సుద్దపొడి కలుపుతారట తెలుసా! రోజూ స్కూల్లో నా చేతికి అంటేది చాలక, పరుపులో కూడా సుద్దే."

రెండో పరుపు కొన్న రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కో షాపులోనూ కవరు జిప్పు తీసి చూపించమంది. మూల పట్టుకుని ఎత్తి బరువు చూసింది. పైన బుర్రున పొంగే మెత్తటి పొరను పక్కకు తప్పించి, అడుగు పొర మీద మోకాలు వేసి నొక్కింది. రకరకాల రంగుల ముక్కలు అంటించి చేసిన దాన్ని చూసి, "ఇది గట్టిదే, అడుగున వెయ్యడానికి పనికొస్తుంది, కానీ మొత్తం కొత్త ఫోమని చెప్పకండి," అంది. చివరి షాపులో హ్యాండ్ బ్యాగు పొట్ట మీద పెట్టుకుని నిక్షేపంగా పడుకుంది. నన్నూ పడుకోమంది. రోడ్డు మీద బస్సులోంచి జనం చూస్తున్నారు. సిగ్గుతో కళ్లు మూసుకుని ఆవిడ పక్కన పడుకున్నాను.

"ఇంక లేవండి. లేచి ఇటు తిరిగి చూడండి."

చూశాను. పరుపు మెల్లగా పొంగి సాపుగా అయిపోయింది.

"లేచాక మనం పడుకున్నట్టు తెలియకూడదండీ. తెలిసిందంటే అది మంచి ఫోమ్ కాదు," అంది.

ఖరీదు విని నేను నీళ్లు నమిలాను. ఖరీదును ఊరికే చూడకూడదట, ఎన్నేళ్లు వస్తుందో దానితో భాగించి చూడాలట. ఆవిడ భాగించి చూపించాక డబ్బు తీసి కట్టాను.

పాత పరుపును పారెయ్యనివ్వలేదు. పెరట్లో వేసుకుని కత్తిపీటతో కోసింది. ఎవరూ పడుకోని అంచుల్లో ఫోమ్ ఇంకా బాగానే ఉంది. దానితో వంటింటి స్టూలుకి, దేవుడి ముందు కూర్చునే పీటకి, నా ఆఫీసు కుర్చీకి మెత్తలు కుట్టింది. మధ్యలో గుంటలు పడ్డ ముక్కలు రెండూ మిగిలాయి. "ఇవి ఎందుకూ పనికిరావు," అని పొద్దున్నే మునిసిపాలిటీ బండి వస్తే నాచేత వేయించింది. కిటికీ వైపు ముక్కను ఎడం చేత్తోనూ నా వైపు ముక్కను కుడి చేత్తోనూ పట్టుకెళ్లి వేసొచ్చాను.

కొత్త పరుపు ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు. ఇంటికి ఎవరైనా వస్తే ఆవిడ దుప్పటి ఎత్తి మరీ చూపించేది. మా బావమరిది ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

ఆవిడను దహనం చేసి వచ్చిన రోజు, ఎవరో మంచం మీద దుప్పటి తీసేసి ఉతకడానికి వేశారు. నేను గుమ్మంలో నిలబడి ఆ పరుపు వైపు చాలాసేపు చూశాను. కిటికీ వైపుకే చూశాను. ఏం వెతుకుతున్నానో నాకు తెలియలేదు. పోయినవారి పరుపు ఇంట్లో ఉంచకూడదు కదా అని ఒకావిడ అంటే, ఇంట్లో పోలేదు కనుక ఉంచుకోవచ్చన్నాడు పురోహితుడు. కర్మ చేసేవాడు పరుపు మీద పడుకోకూడదు కాబట్టి, ఆ రోజునుంచీ నేను పక్క గదిలో చాప మీదే పడుకుంటున్నాను.

ఆ దానం పరుపును మళ్లీ ఆటో ఎక్కించమన్నాను. "నేనూ వస్తాను," అన్నాను. రేవుకి తప్ప గడప దాటనివాణ్ణి. బావమరిది కండువా తెచ్చి నా భుజం మీద వేశాడు.

మైలలో ఉన్నవాడు షాపుకి వెళ్లొచ్చా అని మీరనుకోవచ్చు. ఆ షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది మైలలో ఉన్నవాళ్లే. గుమ్మం పక్కనే గొడుగులు, చెప్పులు, నవ్వారు మంచాలు, వాటి మీద దొంతరగా దానం పరుపులు. లోపలికి వెళితే అద్దాల వెనక బతికున్నవాళ్ల పరుపులు.

షాపాయన నా గడ్డం చూసి చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "చినిగిందాండీ? మార్చేస్తామండి."

"చినగలేదు. ఇందులో సరుకు లేదు," అన్నాను.

"దానానికి అందరూ ఇవే తీసుకుంటారండి. దానానికి ఇంతకంటే అక్కర్లేదండి."

"దీని మీద ఎవరైనా పడుకోగలరా?"

"ఎవరూ పడుకోరు కదండీ. బ్రాహ్మడు ఒక్క నిమిషం వాలి లేస్తారు. ఆనక..." అని ఆగిపోయాడు.

"ఆనక మళ్లీ వీళ్ల షాపుకే వచ్చేస్తుంది బావగారూ. ఊళ్లో అందరికీ తెలిసిందే," అన్నాడు మా బావమరిది నెమ్మదిగా.

"మా ఆవిడ పడుకుంటుంది," అన్నాను.

ఆ మాట నేనే అన్నానని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆవిడకు నడుం నొప్పి. వేలు గచ్చుకు తగిలే పరుపు మీద ఆవిడను పడుకోబెట్టి నేను ఇంటికి వచ్చి కూర్చోలేను. నమ్మకం ఉందా లేదా అన్నది తర్వాత సంగతి. నాకు అప్పుడు కావలసింది అదొక్కటే, ఆవిడ ఒప్పుకునే పరుపు.

లోపలికి వెళ్లాను. జిప్పు తియ్యమన్నాను. మూల పట్టుకుని ఎత్తాను. పై పొర తప్పించి మోకాలు వేశాను. మూడు నాలుగు చూశాక ఒకదాని దగ్గర మోకాలు ఆగింది, దిగింది, మళ్లీ పైకి తోసింది. ఇది కావచ్చనిపించింది. కానీ పడుకుని లేచి చూడకుండా కొంటే ఆవిడ ఊరుకోదు. కర్మలో ఉన్నాను, నేను పడుకోకూడదు. బావమరిది వైపు చూశాను.

"అమ్మో! దానం పరుపు మీద నేను పడుకోనండి," అన్నాడు రెండడుగులు వెనక్కి వేసి. "నాకు పిల్లలున్నారండి బావగారూ."

షాపాయన వైపు చూశాను. ఆయన ఎవరికో ఫోన్ చెయ్యడంలో పడిపోయాడు. ఇంకో సమయంలో అయితే నవ్వు వచ్చేది. ఆ ఒక్క పరీక్ష చెయ్యకుండానే తీసుకుని వచ్చేశాను.

మర్నాడు రేవులో కర్మల షెడ్డు కింద మంచం వేసి ఆ పరుపు పరిచాం. దానం పట్టడానికి వచ్చిన బ్రాహ్మణుడు పెద్దాయన, నడుం వంగిపోయి ఉన్నాడు. రేవు మెట్లు ఒక్కొక్కటీ కూర్చుని దిగినంత పని చేశాడు. మంత్రం అయ్యాక పడుకోమని పురోహితుడు సైగ చేశాడు. ఆయన ముందు అరచేత్తో నొక్కి, నా వైపు ఒకసారి చూసి, పక్కకు ఒరిగి నడుం వాల్చాడు.

లేవలేదు. పురోహితుడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. పెద్దాయన నిద్రపోయాడు. పక్క షెడ్డులో వేరేవాళ్ల తద్దినం మంత్రాలు, గట్టు మీద బస్సు హారన్లు, ఏదీ ఆయన్ని కదపలేదు.

"లేపమంటారాండీ? అవతల ఇంకో కర్మ ఉంది," అన్నాడు పురోహితుడు.

"పడుకోనివ్వండి," అన్నాను.

అందరం నిలబడి చూశాం. కొంతసేపటికి ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చుని, సిగ్గుపడుతూ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఏమీ అనుకోకండి. నడుం ఇలా హాయిగా వాలి ఎన్నేళ్లయిందోనండి."

"నడుముకి బాగుందాండీ?"

"బాగుందండి. దీన్ని మాత్రం షాపుకి ఇవ్వనండి, ఇంటికే పట్టుకెళ్తాను."

అది విని నాకు సంతోషం కలిగింది. ఆవిడకు మంచి పడకే అమరిందని నిజంగానే అనుకున్నాను. పెద్దాయన పట్టె పట్టుకుని మంచం దిగాడు. ఆయన పడుకున్న చోటు మెల్లగా పొంగి సాపుగా అయిపోయింది.

మా బావమరిది వంగి చూశాడు. "చూశారా బావగారూ, ఇంతసేపు పడుకున్నా గుంట పడలేదు. అక్క చెప్పేది కదా. మంచి సరుకండి ఇది."

నేనూ వంగి అక్కడ చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అంతకు మించి మనిషి పడుకున్నట్టు ఇంకే గుర్తూ లేదు. అప్పుడు అర్థమైంది, గుమ్మంలో నిలబడి నేను కిటికీ వైపు దేనికోసం చూశానో. ఏడుపు వచ్చింది. రేవులో అందరి ముందూ, ఆ పరుపు మీద చెయ్యి అలాగే ఉంచి, గొంతు పోయేలా ఏడ్చాను. బావమరిది నా వీపు రాస్తూ, "ఏడవండి, ఏడవండి," అంటూ తనూ ఏడ్చాడు. తేలికవుతుందన్నాడు కానీ అవలేదు.

అన్నీ అయ్యాక అతను తుని వెళ్లిపోయాడు. నేను చాప చుట్టి, మా గదిలో నా వైపు పడుకుంటున్నాను. మధ్యాహ్నాలు కిటికీ వెలుతురులో ఆవిడ వైపు దుప్పటి ఎత్తి చూస్తాను. షాపులో చూసిన రోజు ఎంత సాపుగా ఉందో ఇప్పుడూ అంతే. పరుపులో ఏ లోపమూ లేదు, ఇంకా చాలా ఏళ్లు వస్తుంది.

మునిసిపాలిటీ బండిలో నా ఎడం చేత్తో వేసిన ముక్క, మోకాళ్లు ముడుచుకుని పడ్డ ఆ గుంట, అది నాకు కావాలి.